బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ముందు ఎండోస్కోపీ: ఎవరికి, ఎప్పుడు, ఏ పద్ధతిలో?

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారికి డాక్టరు రాసిచ్చే రక్తపరీక్షలు, గుండె పరీక్షలు, పొట్ట స్కానింగ్ గురించి ఎవరూ పెద్దగా ప్రశ్నించరు. కెమెరా ఉన్న గొట్టాన్ని లోపలికి పంపి అన్నవాహికను, జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోపీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం "కడుపులో నాకే ఇబ్బందీ లేదు కదా, గొట్టం మింగడం ఎందుకు?" అన్న సందేహం వస్తుంది. ఇది రోగులకు మాత్రమే వచ్చే సందేహం కాదు. ఈ శస్త్రచికిత్సలు చేసే సర్జన్లలోనే అందరికీ ముందుగా ఎండోస్కోపీ చేయాలనేవారు కొందరైతే, లక్షణాలున్నవారికి చేస్తే చాలనేవారు మరికొందరు. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి కాబట్టి, ఏ ఆసుపత్రిలో ఏ పద్ధతి పాటిస్తున్నారన్నదాన్ని బట్టి కాక, మీ శరీరానికి, మీకు చేయబోయే ఆపరేషన్‌కు ఏది తగినదో చూసి నిర్ణయించుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. "చేయించుకోవాలా, వద్దా" అని ఆలోచించే బదులు "లోపల ఏదైనా కనిపిస్తే నాకు చేసే ఆపరేషన్ మారుతుందా" అని డాక్టరును అడగండి. మారే అవకాశం ఉంటే ఎండోస్కోపీ చేయించుకోవాలి, అది కూడా ఏ రకం ఆపరేషన్ అన్నది ఖాయం కాకముందే చేయించుకోవాలి. పద్ధతి, తేదీ అన్నీ నిర్ణయమయ్యాక ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు మొక్కుబడిగా చేసే ఎండోస్కోపీలో ఏం కనిపించినా, నిర్ణయం మార్చుకునే ఓపిక అప్పటికి ఎవరికీ ఉండదు.

రెండు వాదనల్లో దేనికెంత బలం

అందరికీ చేయాలనేవారి ప్రధాన వాదన, లక్షణాలను నమ్ముకోలేమన్నది. గుండెల్లో మంట, పుల్లటి తేనుపులు, పైకి ఎగదన్నుకు రావడం వంటివి ఏవీ లేనివారికి కూడా అన్నవాహిక కింది భాగం ఆమ్లం వల్ల దెబ్బతిని ఉండవచ్చు. బారెట్స్ ఈసోఫేగస్ అనే మార్పు, అంటే ఆమ్లం తాకిడికి అన్నవాహిక లోపలి పొర క్రమంగా పేగు పొరను పోలిన కణజాలంగా మారిపోవడం, స్వతహాగా నొప్పి కలిగించదు. ఆ మార్పు కొద్దిమందిలో కాలక్రమేణా క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఊబకాయం, జీవక్రియ రుగ్మతల శస్త్రచికిత్సల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐఎఫ్‌ఎస్‌ఓ 2020లో ఇచ్చిన ప్రకటన కూడా ఈ పక్షానే ఉంది. లక్షణాలున్నవారితో పాటు లేనివారికి కూడా ముందస్తు ఎండోస్కోపీని పరిశీలించాలని అది సూచించింది. లక్షణాలు లేనివారిలో కూడా 25.3 శాతం మందిలో, అంటే సుమారు నలుగురిలో ఒకరిలో, చికిత్సను మార్చగలిగేవి లేదా ఆపరేషన్‌నే వద్దనిపించేవి బయటపడే అవకాశం ఉందన్నది అందుకు చూపిన కారణం.

అవసరమైనవారికే చాలనేవారు 2016లో వెలువడిన ఒక సమీక్షను చూపిస్తారు. 28 అధ్యయనాలను, ఆరువేలమందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసిన ఆ సమీక్షలో, ఎండోస్కోపీ వల్ల శస్త్రచికిత్స ప్రణాళిక మారినవారు 7.8 శాతం. అయితే హయాటల్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం), గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం పొర వాపు), అల్సర్ (పుండు) వంటి, ఆపరేషన్‌ను మార్చాలా వద్దా అన్నదానిపై ఏకాభిప్రాయం లేని మామూలు సమస్యలను పక్కన పెడితే అది 0.4 శాతానికి పడిపోయింది. మందుల విషయంలో మార్పు 27.5 శాతం మందికి అవసరమైనా, జీర్ణాశయంలో చేరే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాకు ఇచ్చిన చికిత్సను తీసేస్తే మిగిలింది 2.5 శాతమే. ఆ బ్యాక్టీరియాను కనిపెట్టడానికి గొట్టం అక్కర్లేదు, శ్వాస పరీక్ష చాలన్నది వీరి మాట.

ఈ రెండు రకాల అంకెలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. దేన్ని "ముఖ్యమైన మార్పు"గా లెక్కించారన్నదే తేడా. జీర్ణాశయం పొర కాస్త ఎర్రబారిందని రిపోర్టులో రాసినంత మాత్రాన ఆపరేషన్ మారదు, దాన్ని లెక్కలో కలిపితే ఎండోస్కోపీ ప్రయోజనం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని హయాటల్ హెర్నియాను మామూలు విషయంగా తీసేయడం కూడా నాకు సరిగా తోచదు. జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్ చేసే సర్జన్‌కు అది ముందే తెలియడం చాలా అవసరం. అందువల్ల సగటు అంకెలతో వాదించుకునే బదులు ఆపరేషన్ రకాన్ని బట్టి చూస్తే విషయం తేటపడుతుంది.

ఏ ఆపరేషన్‌కు ఎందుకు

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని కోసి తీసేసి, అరటిపండు ఆకారంలో సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. ఆ సన్నని గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట ఆమ్లం పైకి రాకుండా సాయపడే సహజమైన మలుపు కూడా కొంత దెబ్బతింటుంది. అందువల్ల ఆపరేషన్‌కు ముందు ఆమ్లం ఎగదన్నే సమస్య ఉన్నవారిలో అది ముదరవచ్చు, లేనివారిలో కొత్తగా మొదలుకావచ్చు. ఫిన్లాండ్‌లో జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనంలో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేసి చూస్తే, అన్నవాహిక వాపు స్లీవ్ చేయించుకున్నవారిలో 31 శాతం మందికి, బైపాస్ (జీర్ణాశయంలో చిన్న సంచిని విడదీసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్నవారిలో 7 శాతం మందికి కనిపించింది. బారెట్స్ మార్పు మాత్రం రెండు వర్గాల్లోనూ 4 శాతమే. స్లీవ్ వద్దనడానికి ఈ ఒక్క అధ్యయనం సరిపోదు గానీ, స్లీవ్ కోరుకునేవారి అన్నవాహిక ఇప్పుడు ఎలా ఉందో చూసుకోవడం ఎంత అవసరమో చెప్పడానికి సరిపోతుంది.

చూడాల్సినది కచ్చితంగా ఏమిటి? వాపు తీవ్రతను లాస్ ఏంజిలిస్ వర్గీకరణ ప్రకారం ఎ, బి, సి, డి అని నాలుగు గ్రేడ్లుగా రాస్తారు. పొర చిట్లిన గీతలు 5 మిల్లీమీటర్లు మించకపోతే ఎ, అంతకంటే పొడవైతే బి. ఆ గీతలు ఒక ముడత మీది నుంచి పక్క ముడతకు పాకి, అన్నవాహిక చుట్టుకొలతలో 75 శాతానికి లోపు ఆక్రమిస్తే సి, 75 శాతం లేదా అంతకు మించితే డి. గ్రేడ్ ఎ మార్పు ఆమ్లవ్యాధి (ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బు) లేనివారిలోనూ కనిపించవచ్చు కాబట్టి దాన్ని చూసి ఆపరేషన్ మార్చుకోనవసరం లేదు. సి, డి గ్రేడ్లు గానీ, బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, ధ్రువపడిన బారెట్స్ గానీ ఉంటే మాత్రం స్లీవ్‌కు బదులు రూ-ఎన్-వై బైపాస్ వైపు మొగ్గడం మంచిదని చాలామంది సర్జన్లు భావిస్తారు, నేనూ అదే అంటాను. హయాటల్ హెర్నియా, అంటే జీర్ణాశయం పైభాగం ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరమైన ఉదరవితానంలోని రంధ్రం గుండా ఛాతీలోకి జారడం, కనిపిస్తే స్లీవ్ చేసేటప్పుడే దాన్ని సరిచేయడానికి ముందుగా సిద్ధం కావచ్చు.

రూ-ఎన్-వై బైపాస్‌లో ఆలోచించాల్సిన తీరు పూర్తిగా వేరు. ఇక్కడ జీర్ణాశయం పైన 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచిని మాత్రం విడదీసి దానికి చిన్నపేగును కలుపుతారు, మిగిలిన జీర్ణాశయాన్ని తీసేయరు. అది లోపలే ఉంటుంది, రసాలను ఊరిస్తూనే ఉంటుంది, కానీ అన్నం అటు పోదు, మామూలు ఎండోస్కోపు కూడా అటు పోలేదు. ఆ తర్వాత ఎప్పుడైనా ఆ భాగాన్ని చూడవలసి వస్తే పేగులన్నీ చుట్టి వెనుక నుంచి వెళ్లే ప్రత్యేకమైన బెలూన్ ఎండోస్కోపీనో, లాపరోస్కోపీతో పొట్టలో నుంచి దారి చేసుకుని వెళ్లడమో తప్ప తేలికైన మార్గం లేదు. ఆపరేషన్‌కు ముందు చేసే ఎండోస్కోపీయే ఆ జీర్ణాశయాన్ని, ఆంత్రమూలాన్ని (చిన్నపేగు మొదటి భాగాన్ని) సులువుగా చూడగల చివరి అవకాశం. జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న జపాన్‌లో స్లీవ్‌కు, లేదా జీర్ణాశయం మొత్తం పరీక్షకు అందుబాటులో ఉండేలా స్లీవ్‌కు పేగు బైపాస్‌ను జోడించే పద్ధతికి మొగ్గు చూపడానికి ఇదొక ముఖ్య కారణం. కుటుంబంలో జీర్ణాశయ క్యాన్సర్ వచ్చినవారు ఉన్నా, బయాప్సీలో పొర క్షీణించినట్టు, లేదా పేగు పొరలా మారుతున్నట్టు తేలినా, బైపాస్‌కు ఒప్పుకునే ముందు సర్జన్‌తో, గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌తో కలిపి ఒకసారి కూర్చుని మాట్లాడాలి.

స్లీవ్ కోసం అన్నవాహికను, బైపాస్ కోసం జీర్ణాశయాన్ని ఎక్కువ శ్రద్ధగా చూడాలని దీన్నిబట్టి అర్థమవుతుంది. పేగును ఒకేచోట కలిపే ఒన్ అనాస్టమోసిస్ బైపాస్, అంటే మినీ బైపాస్ అని పిలిచేదాంట్లో ఈ రెండు ఆందోళనలూ కలిసి ఉంటాయి. పైత్యరసం పైకి ఎగదన్నే అవకాశం ఉండటం వల్ల అన్నవాహిక స్థితి ముఖ్యం, అధికభాగం జీర్ణాశయం దారి తప్పించి ఉండిపోవడం వల్ల అదీ ముఖ్యం. ఇక ఇదివరకే ఒకసారి బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుని రెండోదానికి వెళ్లేవారి విషయంలో చర్చే లేదు, వారికి ఎండోస్కోపీ తప్పనిసరి.

గొట్టం లేని పరీక్షలు ఎంతవరకు సరిపోతాయి

హెలికోబాక్టర్ పైలోరీ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు కావాలంటే యూరియా శ్వాస పరీక్ష, మలంలో యాంటిజెన్ పరీక్ష రెండూ మంచివే, నమ్మదగినవే. రక్తంలో యాంటీబాడీ పరీక్షను మాత్రం వద్దంటాను, ఎందుకంటే అది పాత ఇన్‌ఫెక్షన్‌కూ, ఇప్పుడున్నదానికీ తేడా చెప్పలేదు. శ్వాస, మల పరీక్షలకు ముందు పాంటప్రజోల్, ఒమెప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మందులను రెండు వారాల పాటు, యాంటీబయాటిక్స్‌ను, బిస్మత్ ఉన్న మందులను నాలుగు వారాల పాటు ఆపి ఉండాలి. ఈ నియమం పాటించకుండా చేసిన పరీక్షలో "లేదు" అని వస్తే ఆ ఫలితాన్ని నమ్మడానికి లేదు. ఏ మందైనా ఆపే ముందు దాన్ని రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడటం మరవకండి.

బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే వేరే రకంగా ఉపయోగపడుతుంది. హయాటల్ హెర్నియా పరిమాణం, అన్నవాహికలో ద్రవం కదిలే తీరు, జీర్ణాశయం ఆకారం ఇందులో బాగా తెలుస్తాయి. కానీ పొర మీది చిన్న చిన్న మార్పులు ఇందులో కనిపించవు, ముక్క తీసి పరీక్షించే వీలు కూడా లేదు. మత్తు ఇవ్వడం ప్రమాదకరమైనవారికి ఇది ఎండోస్కోపీకి సగం ప్రత్యామ్నాయం అనుకోవచ్చు.

మంట తీవ్రంగా ఉన్నా ఎండోస్కోపీలో ఏమీ కనిపించని రోగులు ఒక ప్రత్యేక వర్గం. వారికి అన్నవాహికలో ఆమ్లాన్ని 24 గంటల పాటు కొలిచే పీహెచ్ పరీక్ష గానీ, చిన్న క్యాప్సూల్‌ను అన్నవాహిక గోడకు తగిలించి 48 నుంచి 96 గంటల వరకు కొలిచే పద్ధతి గానీ అసలు విషయం తేలుస్తుంది. మొత్తం సమయంలో 6 శాతానికి మించి అన్నవాహిక ఆమ్లానికి గురైతే దాన్ని ఆమ్లవ్యాధిగానే లెక్కించాలని, ఈ వ్యాధి నిర్ధారణకు నిపుణులు రూపొందించిన లియాన్ ఏకాభిప్రాయ ప్రమాణాలు చెబుతున్నాయి. మింగడం కష్టంగా ఉన్నవారికి అన్నవాహిక కండరాల కదలికను కొలిచే మానోమెట్రీ కూడా అవసరం కావచ్చు. ఈ రెండు పరీక్షలూ అందరికీ చేయాల్సినవి కావు, ఎండోస్కోపీ జవాబు చెప్పలేనప్పుడు మాత్రమే వీటి అవసరం.

మత్తుతోనా, మత్తు లేకుండానా

అధిక బరువు ఉన్నవారికి ఎండోస్కోపీలో నేను ఎక్కువగా ఆందోళన చెందేది గొట్టం గురించి కాదు, మత్తు గురించి. రోగనిర్ధారణ కోసం చేసే ఎండోస్కోపీలో రంధ్రం పడటం చాలా అరుదు, 2,500 మందిలో ఒకరికి నుంచి 11,000 మందిలో ఒకరికి అన్న అంచనాలున్నాయి. కానీ ఊబకాయం ఉన్నవారిలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి శ్వాస ఆగి ఆగి రావడం, చాలా ఎక్కువగా ఉంటుంది. వారిలో చాలామందికి ఆ సంగతే తెలిసి ఉండదు. అలాంటివారికి మత్తు ఇస్తే ఆక్సిజన్ పడిపోయే అవకాశం ఎక్కువ. అందుకే గురక, పగటి నిద్రమత్తు, రక్తపోటు, మెడ చుట్టుకొలత వంటి ఎనిమిది అంశాలను అడిగే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిని ఎండోస్కోపీకి ముందే నింపించాలి. ఇంట్లో సీప్యాప్ మిషన్ (నిద్రలో గాలి ఒత్తిడితో శ్వాసదారిని తెరిచి ఉంచే యంత్రం) వాడుతున్నవారు దాన్ని పరీక్ష రోజున వెంట తీసుకెళ్లాలి.

మూడు మార్గాలున్నాయి. గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టి మత్తు లేకుండా చేయడం అన్నిటికంటే సురక్షితం, కానీ ఓకరింపు వల్ల కొందరు ఓర్చుకోలేరు, రోగి కదులుతుంటే డాక్టరు నిదానంగా చూడలేరు. అనస్థీషియా డాక్టరు పక్కనే ఉండి ఇచ్చే మత్తులో పరీక్ష తీరుబడిగా, క్షుణ్ణంగా జరుగుతుంది. ముక్కు ద్వారా పంపే, 5 నుంచి 6 మిల్లీమీటర్ల మందమున్న సన్నని ఎండోస్కోపు మూడో మార్గం. నోటి ద్వారా వేసే మామూలు గొట్టం 9 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ తేడా రోగికి బాగానే తెలుస్తుంది, మత్తు అక్కర్లేదు, మాట్లాడుతూ ఉండవచ్చు. బయాప్సీ ముక్కలు చిన్నవిగా రావడం దాని లోపం. తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉండి బైపాస్‌కు వెళ్లేవారికి, ఆ సౌకర్యం ఉన్నచోట, ఈ సన్నని గొట్టాన్నే నేను ముందుగా సూచిస్తాను.

సెమాగ్లుటైడ్ వంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నవారు ఆ విషయం తప్పకుండా ముందే చెప్పాలి. ఇవి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి, ఘనాహారం మానేసి మామూలుగా పాటించే ఆరు గంటల పరగడుపు తర్వాత కూడా లోపల ఆహారం మిగిలి ఉండవచ్చు. వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్‌ను ఒక వారం ముందే ఆపాలని 2023లో అమెరికా అనస్థీషియా నిపుణుల సంఘం సూచించగా, 2024లో పలు సంఘాలు కలిసి ఆ సూచనను సడలించాయి. చాలామంది మందు కొనసాగించవచ్చని, ప్రమాదం ఎక్కువున్నవారు పరీక్షకు ముందు 24 గంటలు ద్రవాహారం మీద ఉండటం మేలని చెప్పాయి. మీకు ఏది వర్తిస్తుందో తేల్చాల్సింది మత్తు ఇచ్చే డాక్టరు.

ఎంత ముందుగా

హెలికోబాక్టర్ బయటపడితే చికిత్స సాధారణంగా 14 రోజులు. అది పోయిందో లేదో తేల్చే పరీక్షను చికిత్స ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి చేయాలి. బయాప్సీ ఫలితం రావడానికి పట్టే రోజులు కలుపుకుంటే ఈ ఒక్క కారణానికే ఏడు వారాలు దాటిపోవచ్చు. అల్సర్ ఉంటే అది మానేదాకా ఆగాలి. కాబట్టి ఆపరేషన్ తేదీకి రెండు మూడు నెలల ముందు ఎండోస్కోపీ చేయించుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఆమ్లం తగ్గించే మాత్రలు రోజూ వేసుకుంటున్నవారు, డాక్టరు అనుమతిస్తే, రెండు నుంచి నాలుగు వారాలు వాటిని ఆపి పరీక్షకు వెళ్లాలి. లేకపోతే మాత్రల వల్ల మానిన అన్నవాహికను చూసి అంతా బాగుందనుకునే ప్రమాదం ఉంది, స్లీవ్ కోరుకునేవారి విషయంలో ఆ పొరపాటు ఖరీదైనది.

ఎవరు మానుకోవచ్చు

వయసు తక్కువగా ఉండి, మంట, మింగడంలో ఇబ్బంది, రక్తహీనత, నల్లని మలం వంటివి ఏవీ లేకుండా, ఆమ్లం మాత్రలు గానీ నొప్పి మాత్రలు గానీ వాడకుండా, పొగతాగే అలవాటు లేకుండా, కుటుంబంలో అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్ లేనివారు, క్యాన్సర్ తక్కువగా ఉన్న ప్రాంతంలో నివసిస్తూ ఉంటే, శ్వాస పరీక్షతో సరిపెట్టుకోవడాన్ని తప్పుపట్టలేను. మత్తు ప్రమాదం బాగా ఎక్కువగా ఉంటే అందుకు మరింత కారణం ఉంటుంది, దానికి బేరియం ఎక్స్‌రే జోడిస్తే ఇంకా మంచిది. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా ఎండోస్కోపీ వైపే మొగ్గుతాను. బైపాస్ అయితే షరతులన్నీ నెరవేరినా సరే చేయించుకోమనే చెబుతాను, ఎందుకంటే ఆ తర్వాత మూసుకుపోయే భాగాన్ని మళ్లీ చూసే వీలు దాదాపు ఉండదు.

చేయించుకున్నాక రిపోర్టులో ఏముందో చదవండి. "గ్యాస్ట్రైటిస్ ఉంది" అన్న ఒక్క వాక్యంతో ముగిసే రిపోర్టు ఆపరేషన్ ఎంపికకు పనికిరాదు. హయాటల్ హెర్నియా ఎన్ని సెంటీమీటర్లు, అన్నవాహిక వాపు ఏ గ్రేడ్, బారెట్స్ అనుమానం ఉంటే దాని పొడవు ఎంత, బయాప్సీ ఎక్కడెక్కడ తీశారు అన్నవి స్పష్టంగా ఉండాలి. మొదటిసారి చేసే ఎండోస్కోపీకి గొట్టం లోపలికి వెళ్లినప్పటి నుంచి బయటకు వచ్చేవరకు కనీసం 7 నిమిషాలైనా తీసుకోవాలని ఐరోపా ఎండోస్కోపీ సంఘం ప్రమాణం చెబుతోంది, ఫొటోలు జతచేయాలని కూడా అడుగుతోంది. ఆ ఫొటోలతో సహా రిపోర్టును భద్రపరచుకోండి. స్లీవ్ లేదా మినీ బైపాస్ చేయించుకున్నవారికి ఏడాది తర్వాత ఒకసారి, ఆపైన రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయాలని ఐఎఫ్‌ఎస్‌ఓ సూచించింది. అప్పుడు కనిపించే మార్పు ఆపరేషన్ వల్ల వచ్చిందా, అంతకుముందే ఉందా అన్నది మీ మొదటి రిపోర్టును పక్కన పెట్టుకుని చూస్తేనే డాక్టరు చెప్పగలుగుతారు.